కేర్ హోమ్‌లో అమ్మ చనిపోయింది, నిర్లక్ష్యమేనని అనుమానం: బెంగళూరులో ఎక్కడికి వెళ్లాలి, ఎవరిని పెట్టుకోవాలి

ఇలాంటి చావు జరిగిన ఇంట్లో మొదటి వారమంతా సలహాలే. పోలీసు కేసు పెట్టండి అని ఒకరు, కన్స్యూమర్ కోర్టుకి వెళ్లండి అని ఒకరు, మెడికల్ కౌన్సిల్‌కి రాయండి, మానవ హక్కుల కమిషన్‌కి మెయిల్ పెట్టండి, టీవీ వాళ్లని పిలవండి అని ఇంకొందరు. అందరూ మంచికే చెప్తారు. కానీ ఇవన్నీ ఒకే పని చేసే చోట్లు కావు. పోలీసుల ద్వారా వెళ్తే ఎవరికైనా శిక్ష పడొచ్చు, మీ చేతికి డబ్బు రావడం అరుదు. కన్స్యూమర్ కోర్టు, అంటే ఇప్పటి పేరుతో కన్స్యూమర్ కమిషన్‌లో పరిహారం వస్తుంది, ఎవరూ జైలుకి పోరు. మెడికల్ కౌన్సిల్ డాక్టర్‌ని తప్ప ఎవరినీ పట్టించుకోదు. రిజిస్ట్రేషన్ అధికారులు ఆ సంస్థ మీద చర్య తీసుకోగలరు, కానీ మీ అమ్మ విషయంలో తప్పెవరిదో తేల్చి మీకు న్యాయం చెప్పడం వాళ్ల పని కాదు. అందుకే లాయర్ని వెతికే ముందు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది: మనకి కావాల్సింది ఏంటి? జరిగింది బయటపడటమా, శిక్షా, కట్టిన డబ్బూ పరిహారమా, ఆ హోమ్‌లో ఉన్న మిగతా పెద్దవాళ్లకి ఇలా జరగకుండా ఉండటమా?

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఎక్కువ కేసుల్లో కన్స్యూమర్ కమిషన్‌నే ప్రధాన దారిగా పెట్టుకోవాలి. ఫిర్యాదుని కూడా "వైద్యం తప్పుగా చేశారు" అని కాకుండా "చూసుకుంటామని డబ్బు తీసుకుని చూసుకోలేదు" అని రాయాలి. పోలీసు కేసు కొన్ని సందర్భాల్లోనే ముందుకు రావాలి, వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా రావాలి. మిగతావి పక్క వాయిద్యాలు.

దహనానికి ముందా, తర్వాతా

అన్నిటికంటే పెద్ద తేడా ఇక్కడే. బాడీ ఇంకా ఉందంటే పోస్ట్‌మార్టం చేయించాలా వద్దా అన్న నిర్ణయం మీ చేతిలో ఉన్నట్టు. దహనం అయిపోయిందంటే ఆ సాక్ష్యం ఇక లేనట్టే.

మన కుటుంబాల్లో ఇది చాలా కష్టమైన మాట. హోమ్ నుంచి ఫోన్ వచ్చేది రాత్రి. తెల్లారేసరికి అంబులెన్స్ మాట్లాడుకుని అనంతపురమో మదనపల్లో బయల్దేరతారు. "డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని ఇప్పుడు కోయించడం ఎందుకురా" అని పెదనాన్న అంటే ఎదురు చెప్పడం ఎవరి వల్లా కాదు. ఆ మాటలో తప్పు కూడా లేదు. అయినా ఒంటి మీద దెబ్బలు, కట్టేసిన గుర్తులు, ఎముక కనపడేంత లోతైన బెడ్ సోర్స్ (మంచాన ఒకే వైపు ఉండటం వల్ల వచ్చే పుండ్లు) కనిపించినా, కింద పడిన సంగతి హోమ్ వాళ్లు దాచారని తెలిసినా పోస్ట్‌మార్టం అడగాలనే నేను చెప్తాను. 112కి ఫోన్ చేసినా, హోమ్ ఉన్న ఏరియా స్టేషన్‌కి వెళ్లినా పోలీసులు శవ పంచనామా చేసి ప్రభుత్వ ఆసుపత్రికి పంపాలి. కొత్త నేర ప్రక్రియ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో ఇది సెక్షన్ 194. బాడీ అప్పటికే రాష్ట్రం దాటేసిందా? మీ ఊరి స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు, దాన్ని వాళ్లు బెంగళూరు స్టేషన్‌కి పంపుతారు. "మా పరిధి కాదు" అని తిప్పి పంపకూడదు.

ఒంటి మీద అలాంటి గుర్తులేవీ లేవు, నీరసించి నీరసించి పోయింది, సరిగ్గా తిండీ నీళ్లూ పెట్టలేదేమో అన్న అనుమానం మాత్రమే ఉంటే ఇంట్లో వాళ్లందరినీ ఎదిరించి పోస్ట్‌మార్టం దాకా వెళ్లాలని నేను అనను. కాగితాల మీద కూడా చాలా తేలుతుంది. పోస్ట్‌మార్టం లేదన్న ఒక్క కారణంతో కన్స్యూమర్ కేసు పోదు. క్రిమినల్ కేసు మాత్రం బాగా బలహీనపడుతుంది.

అంత్యక్రియలకి ముందు ఫోటోలు తీయండి. తీయడానికి చేతులు రావు, నిజమే. ఆ పని మేనల్లుడికో స్నేహితుడికో అప్పజెప్పండి. వీపు, తుంటి, మడమలు, మణికట్లు తీయమనండి. ఆ ఫోన్‌ని అమ్మేయొద్దు, ఫార్మాట్ చేయొద్దు. ఫోటోలూ వాట్సాప్ మెసేజీలూ కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. అసలు ఫోన్ చేతిలో ఉంటే ఆ పని తేలిక.

ఏ కాగితం దేనికి పనికొస్తుంది

అందరూ కేర్ హోమ్ రికార్డు కోసం పరుగెత్తుతారు. తీసుకోవాల్సిందే. కానీ నా దృష్టిలో అంతకంటే విలువైన కాగితం ఒకటుంది. చివరి రోజుల్లో హోమ్ వాళ్లు అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే, అక్కడి క్యాజువాలిటీ డాక్టర్ రాసిన అడ్మిషన్ నోట్. ఆ డాక్టర్‌కి ఈ హోమ్‌తో పని లేదు, మీతోనూ లేదు. "నాలుక ఎండిపోయి ఉంది, వెనక పుండు ఇంత వెడల్పు, దుర్వాసన, షుగర్ ఇంత, బీపీ ఇంత" అని చూసింది చూసినట్టు రాస్తారు. రక్త పరీక్షలో సోడియం బాగా ఎక్కువగా ఉంటే ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయని అర్థం కావొచ్చు. అలాంటి నోట్ పక్కన, హోమ్ చార్టులో అదే రోజు పొద్దున "పేషెంట్ కంఫర్టబుల్, ఫీడ్స్ టేకెన్ వెల్" అని ఉందనుకోండి, మీ లాయర్ పని సగం అయిపోయినట్టే.

డెత్ సర్టిఫికెట్ వేరు, చావుకి కారణం రాసే మెడికల్ సర్టిఫికెట్ వేరు. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టానికి 2023లో వచ్చిన సవరణ ప్రకారం ఆ రెండోదాని కాపీ దగ్గరి బంధువుకి ఇవ్వాలి. అడిగి తీసుకోండి. పై వరుసలో "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని ఉంటే దాంతో ఏమీ తేలదు, ఎవరు పోయినా గుండే ఊపిరే ఆగుతాయి. దాని కిందున్న వరుసలు చూడాలి. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకడం), ఆస్పిరేషన్ న్యుమోనియా (తిండి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వచ్చేది) లాంటివి ఉంటే, వాటికి దారితీసింది పుండ్లా, పడుకోబెట్టి తినిపించడమా అన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

హోమ్ నుంచి అడగాల్సినవి: చేరినప్పటి అసెస్‌మెంట్, అప్పటి బరువు, రోజువారీ నర్సింగ్ నోట్స్, పక్కకి తిప్పిన చార్టు, తిండీ నీళ్లూ మూత్రం లెక్క, మందుల షీట్, డ్యూటీ రోస్టర్, విజిటర్స్ రిజిస్టర్, సీసీటీవీ. మంచం దిగలేని మనిషిని సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతారు. ఆ చార్టే లేకపోయినా, ఉన్నదంతా ఒకే పెన్నుతో ఒకే చేత్తో నింపినట్టు ఉన్నా అది కూడా సాక్ష్యమే. సీసీటీవీ ఫుటేజ్ కొద్ది రోజులకే చెరిగిపోతుంది కాబట్టి "దాచి ఉంచండి" అని రాతపూర్వకంగా మొదటి వారంలోనే అడగాలి. మెయిల్‌లో ఒకటి, స్పీడ్ పోస్టులో ఒకటి. ఫోన్లో అడిగితే అడగనట్టే లెక్క. డాక్టర్ల విషయంలో 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాలు స్పష్టంగా ఉన్నాయి: బంధువులు అడిగిన 72 గంటల్లో రికార్డు ఇవ్వాలి, మూడేళ్లు దాచాలి. డాక్టర్ లేకుండా ఆయాలతో నడిచే ఓల్డేజ్ హోమ్ "ఆ రూలు మాకు వర్తించదు" అనొచ్చు. అననివ్వండి, ఇవ్వలేదన్న సంగతి కమిషన్ ముందు మీకే ఉపయోగపడుతుంది.

పోలీసు కేసా, కన్స్యూమర్ కేసా

చావు 2024 జులై 1 తర్వాత జరిగి ఉంటే నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిన నేరం కొత్త శిక్షా చట్టం బీఎన్ఎస్ సెక్షన్ 106(1) కిందికి వస్తుంది. అంతకు ముందైతే పాత ఐపీసీ 304ఏ. కొత్త సెక్షన్లో అయిదేళ్ల దాకా జైలు, జరిమానా. రిజిస్టరైన డాక్టర్ వైద్యం చేస్తుండగా జరిగితే మాత్రం రెండేళ్ల దాకా. అంటే హోమ్ నడిపే యజమానికీ, మేనేజర్‌కీ, అటెండర్‌కీ ఆ డాక్టర్ మినహాయింపు లేదు. కానీ ఇది బెయిలబుల్ నేరం. "రేపు పొద్దున్నే లోపల వేస్తారు" అనుకుని స్టేషన్‌కి వెళ్తే నిరాశే.

పోలీసులు వెంటనే ఎఫ్ఐఆర్ కట్టకపోవడానికి లంచం ఒక్కటే కారణం అనుకోకండి. వైద్య నిర్లక్ష్యం ఆరోపణల్లో ముందు ప్రాథమిక విచారణ చేయొచ్చని లలితకుమారి తీర్పులో సుప్రీంకోర్టే చెప్పింది. డాక్టర్ మీద కేసు నడపాలంటే స్వతంత్ర డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలనీ, మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలనీ 2005లో జేకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. పైగా నేరం అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి. ఎనభై ఏళ్ల మనిషికి షుగరూ, బీపీ, పాత స్ట్రోకూ ఉన్నప్పుడు "నిర్లక్ష్యం వల్లే పోయింది, రోగం వల్ల కాదు" అని ఆ స్థాయిలో నిలబెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి.

కన్స్యూమర్ కమిషన్‌లో కొలత వేరు. ఏది ఎక్కువ నమ్మదగ్గట్టుందో చూస్తారు. పైగా చావుకి కారణం పూర్తిగా తేలకపోయినా సేవలో లోపం వేరుగా తేలుతుంది. నెలకి 45 వేలు తీసుకుని ఇరవై నాలుగు గంటలూ నర్సు ఉంటుందని బ్రోషర్‌లో వేసి, రాత్రిపూట ఇద్దరు ఆయాలతో ముప్ఫై మందిని చూపించారని రోస్టర్ చెప్తే, ఆ లోపానికి మెడికల్ ఎక్స్‌పర్ట్ అవసరం లేదు. అందుకే ఫిర్యాదుని వైద్యం వైపు కాకుండా సంరక్షణ వైపు నడపమని మొదట్లో అన్నాను. "ఆ యాంటీబయాటిక్ ఎందుకు ఇచ్చారు" అని మొదలుపెడితే నిపుణుల అభిప్రాయాల్లో ఏళ్లు గడిచిపోతాయి. "తిప్పుతామన్నారు, తిప్పలేదు, చెప్తామన్నారు, చెప్పలేదు" అంటే వాళ్ల కాగితమే వాళ్లకి సమాధానం చెప్పాల్సి వస్తుంది. వైద్యం గురించి వాదించక తప్పని చోట మన తెలుగు కేసు ఒకటి గుర్తుంచుకోండి. హైదరాబాద్‌లో మలేరియా ఉన్న ఒకావిడకి టైఫాయిడ్ వైద్యం చేసిన వి. కిషన్ రావు కేసులో, ప్రతి కన్స్యూమర్ కేసుకీ ఎక్స్‌పర్ట్ సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. తప్పు కళ్లకి కనపడుతున్నప్పుడు వాస్తవాలే మాట్లాడతాయని దాని సారాంశం.

ఖర్చు విషయంలో పోలికే లేదు. కమిషన్ ఫీజు మీరు అడిగే పరిహారం మీద కాదు, హోమ్‌కి కట్టిన మొత్తం మీద ఆధారపడుతుంది. 5 లక్షల లోపు కట్టి ఉంటే ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షలైతే 200 రూపాయలు, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000. యాభై లక్షల లోపు కాబట్టి దాదాపు అన్ని కేసులూ జిల్లా కమిషన్‌కే వెళ్తాయి. అదే సివిల్ కోర్టులో దావా వేస్తే అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు పెరుగుతుంది. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద పిల్లలు దావా వేసే వీలుంది కానీ, కమిషన్ ఉండగా ఆ దారిలో వెళ్లాల్సిన కేసు అరుదు.

గడువు: కన్స్యూమర్ ఫిర్యాదుకి రెండేళ్లు. గట్టి కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నిస్తారు, కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. చట్టం ప్రకారం మూడు నుంచి అయిదు నెలల్లో తేల్చాలి. వాస్తవంలో ఏళ్లు పడుతుంది, ఆ ఓపిక ఉందనుకుంటేనే దిగండి.

ఒక్క సందర్భంలో కన్స్యూమర్ దారి మూసుకుపోవచ్చు. ఎవరి దగ్గరా పైసా తీసుకోని పూర్తి ఉచిత ఆశ్రమమైతే అది చట్టం చెప్పే సేవ కిందికి రాదు. కొందరి దగ్గర తీసుకుని కొందరికి ఉచితంగా చేసే సంస్థ అయితే ఉచితంగా ఉన్నవాళ్లూ వినియోగదారులే. ఈ తేడా 1995 నాటి వి.పి. శాంత తీర్పు నుంచి ఉంది. చేర్చేటప్పుడు "డొనేషన్" పేరుతో డబ్బు తీసుకుని ఉంటే ఆ రసీదులు పారేయకండి.

రెండూ కలిపి నడపొచ్చా అంటే నడపొచ్చు. ఒకటి పెట్టారని రెండోది ఆగదు. గుర్తులు స్పష్టంగా ఉండి పోస్ట్‌మార్టం చేయించిన కేసుల్లో నేను రెండూ పెట్టమనే అంటాను. లేనప్పుడు, భయపెట్టి సెటిల్మెంట్‌కి తెద్దామన్న ఆలోచనతో పోలీసు కేసు పెట్టడం నాకు నచ్చదు, అది తరచుగా ఎదురు తిరుగుతుంది కూడా. "తప్పేమీ కనపడలేదు" అని పోలీసులు ఫైలు మూస్తే, ఆ కాగితాన్నే హోమ్ లాయర్ కమిషన్ ముందు పెడతాడు.

మిగతా చోట్లు, క్లుప్తంగా

కర్ణాటక మెడికల్ కౌన్సిల్: డాక్టర్ పేరు తెలిసి, ఆయన తప్పు కాగితం మీద కనిపిస్తుంటేనే. హోమ్ మీదా ఆయాల మీదా దానికి అధికారం లేదు, పరిహారం ఇప్పించదు.

కర్ణాటక ప్రైవేట్ మెడికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, ఇక్కడ కేపీఎంఈ అంటారు. ఆ హోమ్ దీని కింద రిజిస్టరై ఉంటే జిల్లా స్థాయి అథారిటీకి ఫిర్యాదు చేయొచ్చు, దానికి డీసీ (మన కలెక్టర్ లాంటి జిల్లా అధికారి) అధ్యక్షుడు. నర్సింగ్ సేవలిస్తున్నామని ప్రచారం చేసుకుంటూ అసలు రిజిస్ట్రేషనే లేదని తేలినా మీ కన్స్యూమర్ కేసుకి అది మంచి ఆయుధం. వైద్యం లేకుండా ఉత్త వృద్ధాశ్రమంగా నడిచేదైతే వికలాంగుల, సీనియర్ సిటిజన్ల సాధికారత శాఖకి రాయాలి. ఇక్కడ ఆర్టీఐ బాగా పనిచేస్తుంది: రిజిస్ట్రేషన్ ఉందా, ఎప్పుడు తనిఖీ చేశారు, అంతకు ముందు ఫిర్యాదులు ఉన్నాయా అని పది రూపాయల దరఖాస్తుతో అడగొచ్చు.

2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం పేరు చాలామంది చెప్తారు. ఆ ట్రిబ్యునల్ బతికున్న తల్లిదండ్రుల పోషణ కోసం, మన విషయంలో దానితో పని లేదు. మానవ హక్కుల కమిషన్ ప్రభుత్వ సంస్థల విషయంలోనే గట్టిగా పనికొస్తుంది, అదీ ఏడాది లోపు.

ఫిర్యాదు బెంగళూరులో వేయాలా, మన ఊళ్లోనా

2019లో కొత్త కన్స్యూమర్ చట్టం వచ్చాక ఇది నిజంగా ఆలోచించాల్సిన ఎంపిక అయింది. ఫిర్యాదుదారు ఉండే చోట, పని చేసే చోట కూడా కేసు వేయొచ్చు. కొడుకు వైట్‌ఫీల్డ్‌లో, కూతురు కర్నూలులో ఉంటే ఇద్దరిలో ఎవరు ముందుండి నడుపుతారో వాళ్ల జిల్లాలో వేసుకోవచ్చు. కర్నూలులో అయితే లాయర్‌తో తెలుగులో మాట్లాడుకోవచ్చు, బెంగళూరు నుంచి ప్రతి వాయిదాకీ రావాల్సిన తిప్పలు హోమ్ వాళ్లకి. ఇది మీకు అనుకూలంగా కనిపిస్తుంది. కానీ సాక్ష్యం ఎక్కడుందో కూడా చూడాలి. ఆసుపత్రి రికార్డు, పోలీసు కాగితాలు, కన్నడలో ఉన్న రిజిస్టర్లు, మానేసి వెళ్లిపోయిన నర్సు, అన్నీ ఇక్కడే ఉంటాయి. సాక్షులు బెంగళూరులో ఉన్న కేసుని నేనైతే బెంగళూరులోనే వేస్తాను. కేసంతా కాగితాల మీదే నడిచేదైతే మన ఊరు మేలు. ఇప్పుడు ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానే ఫైల్ చేయొచ్చు, వీడియోలో హాజరవడానికి అనుమతి అడగొచ్చు. అమెరికాలో ఉన్న పిల్లలు ఇక్కడున్న తోబుట్టువుకి పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే చాలు.

వారసులందరి పేర్లూ ముందే తేల్చుకోండి. ఆంధ్రాలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అన్నదాన్నే ఇక్కడ నాడకచేరి అనే రెవెన్యూ ఆఫీసులో వంశవృక్షం, జీవంత సదస్యుల సర్టిఫికెట్ అని ఇస్తారు. ఒక అన్న కలిసి రాకపోయినా కేసు వేయొచ్చు, కానీ ఆయన రేపు హోమ్ తరఫున అఫిడవిట్ ఇవ్వకుండా చూసుకోవడం మీ పని. నవ్వకండి, ఆస్తి తగాదా ఉన్న ఇళ్లలో అలాంటివీ జరుగుతాయి.

లాయర్ ఎంపిక

ఐదు రకాల వాళ్లు తగులుతారు.

ఊళ్లో తెలిసిన లాయర్, లేదా బంధువుల్లో లాయర్. నమ్మకం ఉంటుంది, ఫీజు అడగడానికి మొహమాటపడతాడు, ఆ మొహమాటంతోనే వాయిదాలకి రాడు. భూమి కేసులు చూసే మనిషికి నర్సింగ్ చార్టు చదవడం రాదు. సలహాకి సరే, వకాలత్‌కి కాదు.

పెద్ద ఫర్మ్. ఎంజీ రోడ్ దగ్గర ఆఫీసు, ఇంగ్లిష్‌లో అందమైన నోటీసు. కానీ ఇలాంటి కేసు వాళ్లకి చిన్నది, వాయిదాకి వచ్చేది జూనియర్. అవతల పెద్ద హాస్పిటల్ గ్రూపు ఉండి, విషయం నేషనల్ కమిషన్ దాకా వెళ్లేలా ఉంటే తప్ప ఇంత ఖర్చు అనవసరం అనిపిస్తుంది.

కన్స్యూమర్ కేసులే ఎక్కువగా చూసే చిన్న ఆఫీసు లాయర్. నా ఓటు వీళ్లకే. రోజూ కమిషన్‌లో నిలబడతారు, అక్కడి పద్ధతులు తెలుసు. బెంగళూరులో తెలుగు మాట్లాడే ఇలాంటి లాయర్లు కొదవ లేదు. ఎంచుకునే ముందు "మెడికల్ కేసుల్లో మీరు సాక్ష్యం దాకా నడిపి ఆర్డర్ తెచ్చుకున్నవి రెండు చూపిస్తారా" అని అడగండి. గెలిచినవే కానక్కర్లేదు. ఓడిన ఆర్డర్ కూడా చూపించి ఎందుకు పోయిందో చెప్పగలిగిన మనిషి దొరికితే వదలకండి.

క్రిమినల్ లాయర్. పోలీసు కేసు నిజంగా ఉంటేనే.

ఉచిత న్యాయ సహాయం. దీన్ని మనవాళ్లు పట్టించుకోరు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా అర్హత ఉంది. అంటే ఫిర్యాదుదారు కూతురైతే జిల్లా న్యాయ సేవల సంస్థ లాయర్ని ఇస్తుంది, ఎంత సంపాదించినా సరే. ఎస్సీ, ఎస్టీలకీ, వికలాంగులకీ అంతే. 15100కి ఫోన్ చేయొచ్చు. ఎవరిని కేటాయిస్తారన్నది అదృష్టం, వచ్చిన మనిషికి మెడికల్ కేసుల అనుభవం ఉండకపోవచ్చు. అయినా హోమ్‌కి కట్టీ కట్టీ ఖాళీ అయిపోయిన కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. ఫీజు తిరిగివ్వలేదు, అడ్వాన్స్ ఎగ్గొట్టారు లాంటి వాటికి అది సరిపోతుంది. చావు కేసులో అఫిడవిట్లూ, అవతలి డాక్టర్‌కి ప్రశ్నావళీ ఉంటాయి, దుఃఖంలో ఉన్న మనిషి చేయగలిగిన పని కాదు.

"ఫీజు వద్దు సార్, గెలిస్తే ఇరవై శాతం ఇవ్వండి" అనే లాయర్ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. గెలుపు మీద వాటా మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. అమెరికా బంధువులు "అక్కడ అలాగే తీసుకుంటారు కదా" అంటారు, ఇక్కడ కుదరదు. ఫీజు దశలవారీగా రాయించుకోండి: నోటీసుకి ఇంత, ఫిర్యాదుకి ఇంత, సాక్ష్యానికి ఇంత, వాదనకి ఇంత. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టొద్దు, ఒరిజినల్స్ ఇవ్వొద్దు. డాక్టర్ సేవ సరిగ్గా లేదని కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్లొచ్చు కానీ లాయర్ సేవ సరిగ్గా లేదని వెళ్లలేరు, 2024 మే నెలలో సుప్రీంకోర్టు అలా తేల్చింది. కాబట్టి జాగ్రత్త ముందే పడాలి.

పరిహారం గురించి లాయర్ ఏం చెప్తాడో కూడా వినండి. కునాల్ సాహా కేసులో దాదాపు 6 కోట్లు వచ్చాయి కదా అని మొదలుపెడితే అనుమానించండి. అక్కడ చనిపోయింది అమెరికాలో స్థిరపడిన ముప్ఫై ఆరేళ్ల చైల్డ్ సైకాలజిస్ట్. పైన చెప్పిన కిషన్ రావు కేసులో జిల్లా ఫోరం ఇచ్చింది 2 లక్షలు. సంపాదన లేని పెద్దవాళ్ల విషయంలో ఆదాయ నష్టం లెక్క రాదు. మనోవేదన, కట్టిన ఫీజులు, చివరి ఆసుపత్రి బిల్లు, కేసు ఖర్చులు, వీటి చుట్టూనే అంకె తిరుగుతుంది.

అవతలి వాళ్లు మిమ్మల్ని ఏమడుగుతారు

మొదటి ప్రశ్న: "మీరు నెలకి ఎన్నిసార్లు వచ్చి చూశారు?" విజిటర్స్ రిజిస్టర్ వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇది మనసుని కోసే ప్రశ్న, అందుకే అడుగుతారు. చట్టం దృష్టిలో మాత్రం, మీరు రాలేరు కాబట్టే డబ్బిచ్చి వాళ్లకి అప్పజెప్పారు. వీడియో కాల్స్, మెసేజీలు, ఆన్‌లైన్ చెల్లింపులు అన్నీ తేదీల వారీగా ఒక చోట పెట్టండి. "అమ్మ ఎందుకు సన్నబడింది" అని మీరు అడిగిన ఒక్క వాట్సాప్ మెసేజ్, దానికి వాళ్లిచ్చిన "నథింగ్ టు వర్రీ సార్" అన్న జవాబు, పది పేజీల వాదన కంటే బలంగా ఉంటాయి.

రెండోది మీరు చేరేటప్పుడు సంతకం చేసిన బాండు: "ఏం జరిగినా యాజమాన్యం బాధ్యత వహించదు." అలాంటి వాక్యం నిర్లక్ష్యానికి అనుమతి కాదు. అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ షరతు (తగాదాని కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్నది) ఉన్నా కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్లే హక్కు పోదు, ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

మూడోది నిజంగా బలమైన వాదన: పూర్తిగా మంచాన పడిన డిమెన్షియా పేషెంట్‌కి ఎంత బాగా చూసినా పుండ్లు రావొచ్చు. నిజమే, రావొచ్చు. అందుకే కేసు వేసే ముందు ఫైలు మొత్తం ఒక జనరల్ ఫిజీషియన్‌కో, పెద్దవాళ్ల వైద్యం చూసే డాక్టర్‌కో చూపించండి. బెంగళూరు డాక్టర్లు ఇబ్బంది పడితే మన ఊళ్లో రిటైరైన ప్రభుత్వ డాక్టర్‌ని అడగండి. పుండు వచ్చిందా అని కాదు, వచ్చాక ఏం చేశారు, మీకు ఎప్పుడు చెప్పారు అని చూడమనండి. ఆయన "వాళ్లు చేయగలిగింది చేశారమ్మా" అంటే ఆ మాటకి విలువివ్వండి, అన్ని చావుల వెనకా దోషి ఉండడు.

రాజీకి పిలిస్తే

నోటీసు అందగానే చాలా హోమ్‌ల నుంచి ఫోన్ వస్తుంది: "డిపాజిట్ తీసుకెళ్లండి సార్." వెళ్తే ఒక వోచర్ ముందు పెడతారు, కింద "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్మెంట్, ఎలాంటి క్లెయిమ్ లేదు" అని ఉంటుంది. ఆ లైను కొట్టేయకుండా సంతకం చేయొద్దు. "నా హక్కులకి భంగం లేకుండా, అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని మీ చేత్తో రాసి సంతకం చేయండి. ఒప్పుకోకపోతే వదిలేసి రండి, ఆ డిపాజిట్‌ని ఫిర్యాదులోనే అడగొచ్చు.

రాజీ చెడ్డదేం కాదు. కమిషన్ కూడా ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మీడియేషన్‌కి పంపుతుంది. క్షమాపణా, డబ్బు వాపసూ చాలనుకునే కుటుంబానికి ఏళ్ల తరబడి వాయిదాల కంటే అదే మేలు. అక్కడ డబ్బుతో పాటు ఇంకోటి అడగొచ్చు, రాత్రి డ్యూటీకి క్వాలిఫైడ్ నర్సుని పెడతామని రాతపూర్వక హామీ. కమిషన్ ఆర్డర్‌లో అలాంటిది రావడం కష్టం, మీడియేషన్‌లో వీలవుతుంది. ఒప్పందాన్ని కమిషన్ రికార్డులోకి ఎక్కించాలి, చెక్కు క్లియర్ అయ్యాకే కేసు ముగిసినట్టు మెమోలో రాయించాలి.

రాజీ కుదరక ఆర్డర్ మీకు అనుకూలంగా వచ్చి, వాళ్లు అప్పీలుకి వెళ్తే కంగారుపడొద్దు. 45 రోజుల్లో వెళ్లాలి, ఆర్డర్‌లో కట్టమన్న మొత్తంలో సగం ముందే డిపాజిట్ చేయాలి. కేసు బెంగళూరులో వేసి ఉంటే అప్పీలు వెళ్లే కర్ణాటక స్టేట్ కమిషన్ హైగ్రౌండ్స్‌లోని బసవ భవన్‌లో ఉంది. అప్పీలుకి ఫీజు ఎంతో మీ లాయర్‌తో మొదటి రోజే రాయించుకుని ఉంటే, అప్పుడు కొత్తగా బేరమాడాల్సిన పని ఉండదు.